వంతుల బిళ్ల

ఎమ్మిగనూరులో నా క్లినిక్ మేడమీద ఉంటుంది. కింద ఉగ్గాని బజ్జీ హోటలు. ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు ఏ ఊళ్లోనూ దొరకదు. పిచ్చి డాక్టరమ్మ దగ్గరికి వచ్చామని ఒప్పుకునే మనిషి ఈ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. అందరూ ఉగ్గాని తినడానికే వస్తారు. తిని, చేయి కడుక్కుని, అటూ ఇటూ చూసి గబుక్కున మెట్లెక్కుతారు. ఇంటి ఓనరు బోర్డు పెట్టనిచ్చాడు గానీ "మానసిక అనే మాట రోంత సిన్నగా రాయించండమ్మా, కింద ఏపారం పాడైతాది" అన్నాడు. పెయింటరు ఎంత చిన్నగా రాశాడంటే రోడ్డు మీది నుంచి చూస్తే "వైద్య నిపుణులు" అన్నంతవరకే కనిపిస్తుంది. అందుకని వారానికి ఇద్దరైనా మోకాళ్ల నొప్పులవాళ్లు ఆయాసపడుతూ పైకి వస్తారు. అన్ని మెట్లెక్కి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపలేక వాళ్లనూ చూస్తాను.

నేనుండేది ఆదోనిలో. మిగతా రోజులు అక్కడే చూస్తాను, మంగళవారం మాత్రం బస్సెక్కి ఎమ్మిగనూరు వస్తాను. వస్తానంటే, దిగాల్సిన చోట దిగితే వస్తాను. కిటికీ పక్కన కూర్చుని ఏదో ఆలోచిస్తూ నందవరం దాకా పోయి, అక్కడి నుంచి ఆటోలో వెనక్కి వచ్చిన మంగళవారాలున్నాయి. బీపీ మిషను బస్సులోనే వదిలేసి, పేషెంటు చేతికి పట్టీ చుట్టబోయి ఉత్త గాలిని చుట్టిన మంగళవారాలూ ఉన్నాయి. ఈ దారి కండక్టర్లకు నేను అలవాటైపోయాను. "మేడం, మీ ఊరొచ్చె, దిగుతారా, ఇంగా ముందుకొస్తారా?" అని అడుగుతారు.

ఇంత చెప్పాక నా ప్రత్యేకత ఏమిటో కూడా చెప్పాలి కదా. పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ. నవ్వుకోండి, ఫరవాలేదు. పేరు చూసి చాలామంది ఇది శ్రద్ధ లేని జబ్బు అనుకుంటారు. శ్రద్ధకేం, బోలెడంత ఉంటుంది. ఉండాల్సిన చోట ఉండదు, అంతే. పొయ్యి మీద పాలుంటాయి, మనిషి వీధిలో ఎవరో పోట్లాడుకుంటుంటే చూస్తూ ఉంటుంది. ఇది పిల్లల జబ్బనీ, పెద్దయితే అదే పోతుందనీ మా డాక్టర్లు కూడా చాలాకాలం అనుకున్నారు. పిల్లలు పెద్దవాళ్లవుతారు, పాలు పొంగుతూనే ఉంటాయి.

నా సంగతి నాకు నలభై రెండో ఏట తెలిసింది. నాకు పాఠాలు చెప్పిన పెద్దాయనను చూడ్డానికి బెంగళూరు వెళ్లి, ఒక పేషెంటు కథ చెప్పబోయి నాలుగు కథల్లో తిరిగి, కాఫీ గ్లాసు ఆయన చెప్పుల్లో పెట్టేశాను. ఆయన నిదానంగా గ్లాసు తీసి బల్ల మీద పెట్టుకుని, "ఇన్నేళ్లూ ఊరందరికీ చూస్తున్నావు కదమ్మా, అద్దంలో ఎప్పుడూ చూసుకోలేదా?" అన్నాడు. అప్పటి నుంచి రోజుకొక మాత్ర. నీలం, తెలుపు రెండు రంగుల గొట్టం మాత్ర. పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోవాలి. మతిమరుపుకు ఇచ్చే మందును మర్చిపోకుండా వేసుకోవాలట. ఈ వైద్యం కనిపెట్టినవాళ్లు దొరికితే రెండు మాటలు అడగాలని ఉంది.

ఈ మాత్రలను ఒక విటమిన్ సీసాలో పోసి పెట్టుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. "మానసిక జబ్బుకు సిగ్గెందుకు? షుగరుకు సిగ్గుపడుతున్నారా?" అని ఊరూరా మైకులో అరిచే నేను, నా క్లినిక్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న కాంపౌండరుకు కూడా చెప్పలేదు. పొద్దున మర్చిపోయిన మాత్ర మధ్యాహ్నం అన్నం దగ్గర గుర్తొచ్చేది. గోడ వైపు తిరిగి గుటుక్కున మింగేదాన్ని. కాంపౌండరు నాకంటే పెద్దాయన, ఎమ్మిగనూరు మనిషి, కీళ్ల నొప్పులు. "మేడం, ఆ విటమినేదో నాకూ ఒకటియ్యరాదా" అని నాలుగైదు సార్లు అడిగాడు. "అవి ఆడవాళ్లవి" అని కసురుకున్నాను. పాపం, ఆయన సిగ్గుపడి అడగడం మానేశాడు.

పోయిన చలికాలంలో కోసిగి బడిలో అవగాహన శిబిరం పెట్టారు. జనం బాగానే వచ్చారు, భోజనంలో పులిహోర ఉందని ముందే చాటించారు మరి. నేను మైకు పట్టుకుని పది ప్రశ్నలు చదివాను. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తారా, వస్తువులు ఎక్కడ పెట్టారో మర్చిపోతారా, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరతారా, ఇట్లాంటివి. ఆరో ప్రశ్నకు పులిహోర గిన్నె మూత తీశారు. ఏడో ప్రశ్నకు నా ఎదురుగా ఖాళీ చాపలే ఉన్నాయి. ఒక్కామె మాత్రం మిగిలింది. ఆమె కూడా మధ్యలో రెండుసార్లు లేచి బయటికి పోయి, ఎందుకు పోయిందో గుర్తురాక తిరిగొచ్చి కూర్చుంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. పదో ప్రశ్న అయ్యాక దగ్గరికి వచ్చింది.

"మేడం, ఈ ప్రశ్నలు మీకెవురు సెప్పినారు?"

"పుస్తకంలో ఉన్నాయమ్మా."

"పుస్తకమా? ఇవన్నీ మా వదిన నన్ను తిట్టే తిట్లు. ఒక్కటి కూడా ఇడిసిపెట్టకుండా సదివినారు. మా వదినను కలిసినారా ఏమి?"

ఆ తర్వాతి మంగళవారం ఎమ్మిగనూరులో చీర కొనేకి పోతాండానని ఇంట్లో చెప్పి క్లినిక్‌కు వచ్చింది. కింద ఉగ్గాని తిని వచ్చింది, చీర కొనడం మాత్రం మర్చిపోయింది. గంటసేపు కూర్చోబెట్టి ఆమె కథంతా అడిగాను.

కోసిగి పక్క ఊళ్లలో వానలు మొండిచెయ్యి చూపించాక, ఉన్న నాలుగు పత్తికాయలు ఏరుకున్నాక, ఇళ్లకు తాళాలు పడతాయి. గుంపులు గుంపులుగా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గి అంటారు. పొలాల్లోనే గుడారాలు, అక్కడే వంట, అక్కడే పడక, ఉగాది దాకా. ఒక్కో గుంపుకు ఒక మేస్త్రీ. ఈమె గుంపులో మేస్త్రీతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లు, ఆ మేస్త్రీ ఈమె మొగుడి అక్క. పది ప్రశ్నలనూ తిట్లుగా తిట్టే వదిన ఆవిడే.

ముందటేడు సుగ్గిలో ఈమెను డ్రమ్ము నింపమని బోరు దగ్గరికి పంపారు. పైపు పెట్టింది. పక్క చేలో ట్రాక్టరు బురదలో దిగబడింది. ఎట్ల లేపుతారో చూద్దామని పోయింది. ట్రాక్టరు లేచింది, చప్పట్లు కూడా కొట్టింది. ఈలోపు డ్రమ్ము నిండి, పొర్లి, నీళ్లు కల్లంలోకి పోయాయి. ఆరబోసిన ఎర్రటి కాయంతా తడిసి ముద్దయింది. రైతు గుంపందరినీ నానా మాటలు అన్నాడు. ఏళ్ల తరబడి ఒకే రైతు దగ్గర నిలబెట్టుకున్న వదిన పరువు ఆ నీళ్లలో పోయింది.

"ఈ ఏడు నన్ను పిలుచుకోని పోనంటాంది మేడం. ఊళ్లో ముసిలోళ్లు, మంచం పట్టినోళ్లు మాత్రం ఉంటారు. నేను ఆడ కూసుంటే, దానికి మతి ల్యాదు, సుగ్గికి గూడ పనికిరాదని అంటారు. ఆ మాట పడినాక ఇంగ నన్ను ఏ గుంపూ పిలవదు." చెప్పి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఈమెకు కావాల్సింది అంతే. ఆ గుంపులో తన చోటు.

నేను నా ప్రశ్నల్లో పడ్డాను. "ఒక పని చేస్తూ ఇంకో పనిలోకి పోతారా?"

"పోతా. మీరు పోరా?"

దగ్గు వచ్చినట్టు దగ్గాను.

"సదువుకున్నోళ్లకి గూడ వస్తాదా మేడం ఇది?" అని మళ్లీ అడిగింది. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో! తెర అవతల కాంపౌండరు చీటీలు సర్దుతున్నాడు.

"ఎందుకు రాదు? నాకు తెలిసిన ఒక డాక్టరమ్మకే ఉంది" అన్నాను.

"డాక్టరమ్మకా! ఆమె బాగుందా?"

"బాగానే ఉంది. మాత్రలు వేసుకుంటుంది, పని చేసుకుంటుంది."

ఆమె ముఖం విప్పారింది. నేనేదో గొప్ప ధైర్యం చెప్పినట్టు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. మందు రాసి, జాగ్రత్తలు చెప్పాను. అన్నం తిన్నాకే వేసుకోవాలి. గొట్టం విప్పకూడదు, విరవకూడదు, లోపలి పొడి నోటికీ కంటికీ తగలకూడదు. రోజుకొకటి. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

"ఏం బిళ్ల అని సెప్పాల మేడం? మా వదిన సూస్తాది."

"బలానికి అని చెప్పు" అన్నాను. నా సీసా అబద్ధాన్నే ఆమెకూ నేర్పించాను.

కొత్త మందు మొదలుపెట్టినవాళ్లను రెండు వారాలకోసారి చూడాలని పుస్తకం చెబుతుంది. సుగ్గి లారీ పుస్తకం చదవదు. కాళ్లావేళ్లా పడితే వదిన ఒప్పుకుందట, "ఈ ఒక్క తూరి. ఒక్క తప్పు సేసినా బస్సెక్కిస్తా" అని. ఉగాది దాకా సరిపోయే మాత్రలు కొనుక్కుని గుంపుతో వెళ్లిపోయింది. ఫోన్లో చూద్దాంలే అనుకున్నాను. ఆమె వారం వారం ఫోన్ చేసేది.

"ఎట్లుందమ్మా?"

"ఏం తేడా ల్యాదు మేడం."

"మాత్రలు సరిగ్గా వాడుతున్నావా?"

"రోజుకొకటి కచ్చితంగా అయిపోతాంది మేడం. మా వదిన లెక్క తప్పనీదు."

ఇంత క్రమశిక్షణ గల పేషెంటు నాకు ఆదోనిలో కూడా లేదే అని మురిసిపోయాను. నెల దాటింది, తేడా లేదు. మోతాదు చాలలేదన్నమాట అని గొప్పగా తీర్మానించి, ఎక్కువ పవరు మాత్రలు రాసి, కాంపౌండరు చేత బస్సు పార్సిల్లో పంపించాను.

పార్సిలు పోయిన తర్వాతి మంగళవారం, పన్నెండు గంటలప్పుడు ఫోన్ మోగింది. అంతకుముందు ఎప్పుడూ వినకపోయినా, ఆ గొంతు వినగానే మేస్త్రీ వదిన అని తెలిసిపోయింది.

"ఎవురమ్మా, బిళ్లల డాక్టరమ్మవేనా? మా ఆడోళ్లకి ఏం పెట్టినావమ్మా? అందరూ కల్లం కాడ కూకోని వాంతులు సేసుకుంటాండారు. కాయ కోసేకి ఒక్కరు ల్యాసి నిలబడల్యా!"

"అందరూనా? నేను మాత్రలిచ్చింది ఒక్కామెకు కదా?"

"ఒక్కామెకా? సుగ్గిలో ఒక్కామె ఏందమ్మా?"

అప్పుడు బయటపడింది సంగతి. సుగ్గి గుడారంలో ఎవరూ ఏదీ ఒక్కరే నోట్లో వేసుకోరు. వక్క నమిలినా అందరికీ తిప్పాలి. ఒక గుప్పెడు బొరుగులున్నా పదకొండు చేతుల్లో పడాలి. తెలియని ఊళ్లో, తెలియని రైతు చేలో, అందరినీ ఒక్కటిగా ఉంచేది అదే. ఒక్కతే తిన్నదంటే, దొంగతనం చేసినా క్షమిస్తారేమో గానీ దాన్ని క్షమించరు. నేను చెప్పినట్టే ఈమె మొదటి రోజు అన్నం తిన్నాక మాత్ర తీసింది. పది జతల కళ్లు చూశాయి. ఏమ్మే, ఏం తింటాండావు? బలం బిళ్ల. బలం నీకొక్కదానికేనా? ఆమెకు చచ్చేంత సిగ్గేసింది. పంచుదామంటే విరవకూడదని నేనే చెప్పి ఉంటిని. అందుకని వంతు పెట్టుకున్నారు. ఈ పొద్దు నీది, రేపు ఆమెది. మేస్త్రీ లెక్క తప్పకుండా నడిపించింది. మాత్ర రోజుకొకటి అయిపోతూనే ఉంది. మందు అవసరమైన మనిషికి మాత్రం పదకొండు రోజులకోసారి వంతు వచ్చేది.

కొత్త పార్సిలు వచ్చేసరికి పాత అట్టలు, కొత్త అట్టలు కలిపి చాలా కనిపించాయి. ఆ పొద్దు చేను ముగించాలని రైతు తొందరపెడుతున్నాడు. అందరికీ తలా ఒక బలం బిళ్ల వేస్తే పని జోరుగా సాగుతుందని మేస్త్రీకి తోచింది. తెల్లవారుజామున పరగడుపున పది మంది చేతా మింగించింది. తానూ మింగింది.

"గుండె దడగా ఎవరికైనా ఉందా? బీపీ ఉన్నవాళ్లెవరు? కడుపుతో ఎవరైనా ఉన్నారా?" అని గబగబా అడిగాను. కడుపుతో ఎవరూ లేరు. బీపీ ఉన్న పెద్దామెకు మాత్రం గుండె దడదడ అంటోందట. "ఆమెను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపోండి, మాత్రల అట్ట చూపించండి, మిగతావాళ్లను నీడకు చేర్చి నీళ్లు తాగించండి" అన్నాను. రైతు ఆటోలో ఆ పెద్దామెను ఎక్కించిన చప్పుడు ఫోన్లోనే వినిపించింది. తర్వాత మేస్త్రీ గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి నెమ్మదిగా.

"అందరికీ వినపడేటట్ల పెట్టినా. సెప్పమ్మా. బలం బిళ్లయితే బలం యాడ? ఈ బిళ్ల నిజంగా దేనికి?"

పేషెంటు జబ్బు ఇంకొకరికి చెప్పకూడదు. చెప్పకపోతే అక్కడ వాంతులు చేసుకుంటున్న ఆడవాళ్లకు ఏం సమాధానం చెప్పాలి? నేను తేల్చుకునేలోపే అవతల ఆమె గొంతు వినిపించింది.

"మేడంను అడగద్దు వదినా. నేనే సెప్తా. అది నా తలకి. నా మతి ఒక తావున నిలవదు, దానికి. బలం అని నేనే అబద్ధం సెప్పినా."

"తలకా? అంటే పిచ్చి బిళ్లా? పిచ్చి బిళ్ల మా అందరికీ పెడితివా?" ఎవరో కీచుగా అరిచారు.

"పిచ్చి కాదు. ముందటేడు నీళ్లు ఇడిసిపెట్టింది బుద్ధి ల్యాక కాదు వదినా. బుద్ధుంది. నిలబడదు. ఇది సదువుకున్నోళ్లకి గూడ ఉంటాదంట. డాక్టరమ్మలకే ఉంటాదంట. మేడంకు తెల్సిన డాక్టరమ్మ ఒకామెకు ఉందంట."

మేస్త్రీ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నట్టుంది. "నిజమేనా అమ్మా? ఎవురా డాక్టరమ్మ? యాడ ఉంటాది? ఉందా, ల్యాకపోతే ఇది కతలు సెప్తాందా?"

ఒక్క మాట చాలు. నేనే. రెండక్షరాలు. కాంపౌండరు నా పక్కనే నిలబడి ఉన్నాడు. సొరుగులో విటమిన్ సీసా ఉంది.

"పేషెంట్ల పేర్లు మేము చెప్పకూడదమ్మా" అన్నాను.

అవతల ఎవరో ఫక్కుమన్నారు. ఆ వాంతుల మధ్య కూడా నవ్వారు. "సూడు, ల్యానే ల్యాదు!" అంది ఒకామె. ఫోన్ ఆగిపోయింది.

"పేరు చెప్పకపోవడం మంచిపని మేడం. రూలు రూలే" అన్నాడు కాంపౌండరు, మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలుకు నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. రూలూ లేదు, గీలూ లేదు. పిరికితనం. పట్టుమని పదో తరగతి చదవని మనిషి పదిమంది ముందర నిలబడి తన జబ్బు చెప్పుకుంది. ఇన్ని డిగ్రీలు వెనక తోకలాగా తగిలించుకున్న నేను, ఒక్క కాంపౌండరుకు భయపడి ఆమెను అబద్ధాలకోరును చేశాను.

సాయంత్రం మేస్త్రీ ఒక్క నిమిషం ఫోన్ చేసింది. "ముసిలామె బాగుండాది. సెలైను ఎక్కించి పంపినారు. తక్కినోళ్లు తేరుకున్నారు."

"మీ మరదలిని పంపించేశావా?" అని అడిగాను. ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోన్ పనిచేయలేదు. మేస్త్రీ ఎత్తలేదు. కోసిగి వైపు నుంచి ఎవరొచ్చినా అడిగాను, సుగ్గి నుంచి ఎవరైనా ముందే తిరిగొచ్చారా అని. తెలియదన్నారు. ఈ పని మొదలుపెట్టాక ఇంతగా సిగ్గుపడిన రోజులు నాకు లేవు. అయినా సీసా మీది కాగితం మార్చలేదు. మనిషికి బుద్ధి రావడానికీ కొన్ని వారాలు పడుతుంది కాబోలు.

ఉగాది పోయిన తర్వాత ఒక మంగళవారం, మధ్యాహ్నం, నేను అన్నం తింటుంటే తెర తీసుకుని లోపలికి వచ్చింది. ఎండకు నల్లబడింది, చేతుల వేళ్ల మీద మిరపకాయల మంటకు లేచిన పొట్టు ఇంకా ఉంది. నవ్వుతోంది.

"సుగ్గి ముగిసింది మేడం. ఆకరి పొద్దు వరకు ఉండినా."

ముద్ద కంచంలోనే వదిలేశాను. నీళ్లు తాగి, కూర్చోమన్నాను. కాంపౌండరు కూడా తెర దగ్గర నిలబడి విన్నాడు.

ఆ రోజు ఫోన్ పెట్టేశాక వదిన నోరు తెరవకుండా ఈమె మూట కట్టి, రోడ్డు మీదికి తీసుకుపోయిందట. ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. దూరంగా బస్సు కనిపించింది. అప్పుడు వదిన అడిగింది: "ఆ పొద్దు పైపు పెట్టినప్పుడు, నీళ్ల సంగతి నీకు గ్యాపకం ఉండిందా ల్యాదా? నిజం సెప్పు."

"ఉండింది వదినా. ట్రాక్టరు కనపడేవరకు."

వదిన ఒక్క క్షణం చూసి, ఆపుకోలేక నవ్విందట. బస్సు ఆగింది, ఎక్కేవాళ్లు లేక పోయింది. మూట మళ్లీ వదినే నెత్తిన పెట్టుకుని గుడారానికి తెచ్చింది.

"అప్పటినించి బిళ్లలు మా వదిన వక్కాకు సంచిలోనే. పాత పవరువే. పొద్దున నేను తిన్నాక తానే తీసిస్తాది, మింగేదాక నోరు సూస్తాది. ఒక్కదాన్నే తినేది బాగుండదని, నేను బిళ్ల మింగేటప్పుడు తక్కినోళ్లు తలా ఒక బెల్లం ముక్క నోట్లో ఏసుకుంటారు. నెలయ్యేసరికి తేడా తెలిసింది మేడం. డ్రమ్ము నింపేది మళ్లీ నాకే ఇచ్చినారు!"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనపడకుండా ఏదో ఒకటి చేయాలని, అలవాటు ప్రకారం సొరుగు తెరిచి, పొద్దున మర్చిపోయిన మాత్ర తీసుకుని, గోడ వైపు తిరిగాను.

"మేడం, యాలట్ల గోడకు తిరిగినారు?"

చెయ్యి మూసే లోపల ఆమె లేచి పక్కకు వచ్చేసింది. చూడకూడని చోట్ల మాత్రం మా జాతికి శ్రద్ధ ఎక్కడలేనంత ఉంటుంది. నా అరచేతిలోకి చూసింది. నీలం, తెలుపు. నా ముఖంలోకి చూసింది.

"ఇది నా బిళ్ల గదా?"

సీసాను సొరుగులోకి తోయబోయాను.

"మీకు తెల్సిన డాక్టరమ్మ... మీరేనా?"

"నేనే" అన్నాను. ఆ రెండక్షరాలు ఇప్పుడు వచ్చాయి.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. "ఆ పొద్దు ఫోన్లో ఈ మాట సెప్పింటే ఏం పోయింది మేడం? అందరూ నన్ను సూసి నగినారు. మూట కట్టి రోడ్డు మీద నిలబెట్టినారు. నా మాట ఇనేటోళ్లు ఒక్కరు గూడ ల్యారు, మీరొక్కరు ఉంటిరి. మీరు గూడ నోరు మూసుకుంటిరి."

"తప్పు చేశానమ్మా. భయపడ్డాను" అన్నాను.

తెర దగ్గర నుంచి కాంపౌండరు గొంతు సవరించుకున్నాడు. "ఆడోళ్ల విటమినా మేడం ఇది?"

సీసాను ఆయనకు కనపడేటట్టు బల్ల మీద పెట్టాను.

ఆమె తన ఫోన్ తీసి నంబరు నొక్కి నా ముందు బల్ల మీద పెట్టింది, అందరికీ వినపడేటట్టు. "మా వదిన ఇప్పటికీ నేను కత సెప్పినాననే అనుకుంటాంది. సెప్పండి."

రెండు సార్లు మోగి, మేస్త్రీ ఎత్తింది. "ఏమ్మే?"

"నేనమ్మా, బిళ్లల డాక్టరమ్మను" అన్నాను. "ఆ పొద్దు అడిగావు కదా, ఆ జబ్బున్న డాక్టరమ్మ ఎవరని. మీ మరదలు కథ చెప్పలేదు. ఆ డాక్టరమ్మను నేనే."

మేస్త్రీ నిదానంగా అంది: "అట్లనా తల్లీ. అందుకేనా, ఒకామెకిచ్చిన బిళ్ల పదకొండు మంది తింటాంటే నెలైనా కనుక్కోల్యాకపోతివి?"

కాంపౌండరు నవ్వాపుకోలేక తెర పట్టుకున్నాడు. ఆమె కూడా నవ్వింది, అప్పుడు నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మరి ఈ పొద్దు బిళ్ల ఏసుకునిందా ఆమె?" అని మేస్త్రీ మరదలిని అడిగింది.

"ఇంగా ల్యాదు. గోడకు తిరిగి మింగబోతాంటే పట్టుకుంటి వదినా."

"ఒక్కదాన్నే మింగనీయొద్దు."

ఆమె కొంగు ముడి విప్పింది. బెల్లం ముక్కను బల్ల అంచుకు కొట్టి మూడు చేసింది. ఒకటి కాంపౌండరు చేతిలో పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకుని, మూడోది నా ముందుకు జరిపింది. "ఇప్పుడు మింగండి" అంది. వాళ్లిద్దరి వైపూ తిరిగి కూర్చుని మింగాను.